రంగు పోకముందు

మల్కాపురంలో సముద్రం కనబడదు. విశాఖపట్నం కదా, మేడెక్కితే అలలు కనిపిస్తాయనుకుని వచ్చిన చుట్టాలు ఎప్పుడూ నిరాశపడేవారు. ఒక పక్క రిఫైనరీ ట్యాంకులు, చిమ్నీ కొసన ఆరని మంట. ఇంకో పక్క షిప్‌యార్డు క్రేన్లు, వాటి వెనక హార్బరు నీళ్ళు. మిగిలిన పక్క అడ్డంగా యారాడ కొండ. ఆ కొండ సాగి సాగి సముద్రంలోకి దిగే కొసనే ఊరంతా డాల్ఫిన్స్ నోస్ అంటుంది. బంగాళాఖాతం దానికి అవతల ఉంటుంది. మా వీధిదాకా వచ్చేది ఉప్పుగాలి ఒక్కటే, అదీ సల్ఫరు వాసన కలుపుకుని.

మా ఊళ్ళో కంపెనీలు పోయినా పేర్లు పోవు. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో పునాది వేయించిన సింధియా వాళ్ళ ఓడల కార్ఖానా 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. బస్సు కండక్టరు మాత్రం ఈనాటికీ ‘సింధియా, సింధియా’ అనే కేకేస్తాడు. 1957లో కాల్‌టెక్స్ వాళ్ళు పెట్టిన రిఫైనరీ 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. షిప్‌యార్డులో వెల్డరుగా రిటైరైన మా నాన్న చివరిదాకా దాన్ని కాల్‌టెక్స్ అనే అన్నారు. కంపెనీల పేర్లు ఇంత మొండిగా నిలిచిన చోట, కొండకి అవతల బతికిన ప్రాణులు ఎంత చప్పుడు లేకుండా తరిగిపోయాయో చెప్పాలని చాలా ఏళ్ళుగా ఉంది. చెప్పేది చేపల గురించే. కూరకి వచ్చే చేపల గురించి కాదు, వాటిని తలుచుకునేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కూరకి రాని చేపల గురించి.

ఆదివారాలు సింధియా దగ్గర కొండదారి పట్టేవాళ్ళం. ఆటోలు అంతగా లేని రోజులు. జీడిమామిడి చెట్ల కింద ఆగుతూ, మలుపు మలుపుకీ వెనక్కి తిరిగి హార్బరులో ఏయే ఓడలున్నాయో చూసుకుంటూ ఎక్కేవాళ్ళం. కొండ నెత్తికెక్కాక గాలి మారిపోయేది. సల్ఫరు వాసన వెనకే ఉండిపోయేది. కింద యారాడ కొబ్బరితోటలు, వాటి అవతల పొడుగ్గా తీరం, తీరానికి రెండు చివర్లా కొండ విరిగిపడిన నల్లరాళ్ళు.

అక్కడ పెద్దవల లాగేవారు. పెద్దవల చూడనివాళ్ళు ఇప్పుడు విశాఖలోనే చాలామంది ఉంటారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. వల ఒక చివరి తాడు ఒడ్డున మనుషుల చేతిలో పెట్టి, పడవ సముద్రంలోకి వెళ్ళి, వల వదులుతూ చుట్టు తిరిగి, రెండో తాడుతో ఇంకోచోట ఒడ్డుకి వస్తుంది. అక్కణ్ణించి రెండు జట్లు రెండు తాళ్ళూ లాగడమే. ఒక్కోసారి పూటంతా పడుతుంది. మగవాళ్ళు, ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, బడికెళ్ళని పిల్లలు, చూడ్డానికి వచ్చిన మేము, ఎవరు చెయ్యేసినా వద్దనేవారు కాదు. లాగినకొద్దీ రెండు జట్లూ దగ్గరికి జరుగుతూ వచ్చేవి. చివర్న వల సంచి ఒడ్డుకి తగిలేసరికి దాని నిండా తెల్లటి మెరుపు. కవ్వళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు, పారలు. అదృష్టం బాగుంటే ఒకటీ అరా చందువలు.

ఏరడం ఆడవాళ్ళ పని. వాళ్ళ చేతులు అంత వేగంగా ఎలా కదిలేవో నాకిప్పటికీ ఆశ్చర్యమే. చూడకుండానే వేలి తాకిడితో ఏది ఏ గంపలోకో తేలిపోయేది. గంపలు నిండాక ఇసకలో కొంత మిగిలేది. అందులో ఉండేవి నేను చెప్పే చేపలు. అరచెయ్యంత బల్లపరుపు చేప, పసుపు ఒంటి మీద అడ్డంగా నల్లటి పట్టీలు. పళ్ళెంలా గుండ్రంగా ఉండి కంటి మీంచి నల్లగీత దిగిన చేప. పొట్ట ఉబ్బించుకుని బంతయిపోయి గాలి మింగుతున్న చేప. వలకి రాళ్ళ దగ్గర చిక్కుకున్నవి అవి. ఎవరికీ అక్కర్లేదు. కాకులకీ కుక్కలకీ వదిలేసేవారు.

నేను వాటి దగ్గర కూర్చునేవాణ్ణి. గంపలు ఏరే ముసలమ్మ ఒకావిడ అదిలించేది.

‘‘ఏటి సూస్తన్నావు గుంటడా? అది కూరకి రాదు. ముల్లు తప్ప అందులో ఏటీ నేదు.’’

‘‘రంగు పోతోంది మామ్మా.’’

‘‘సచ్చినాక రంగేటుంటాది?’’

ఆవిడ మాట అక్షరాలా నిజం. పట్టీల చేపని దగ్గరగా చూస్తే రంగు పోవడం కంటికి తెలిసేది. వీపు మీది పసుపు ముందు తగ్గేది. పట్టీల మధ్య వెండిలా మెరిసిన ఒళ్ళు బూడిద తిరిగేది. ఆ తర్వాత నల్లపట్టీల అంచులు కరిగి చుట్టూ ఉన్న బూడిదలో కలిసేవి. చివరికి కన్ను పొరకమ్మేది. చేప చర్మంలో రంగుని పట్టి ఉంచే కణాలుంటాయనీ, ప్రాణమున్నంతసేపూ నరాలు వాటిని విప్పుతూ ముడుస్తూ ఉంటాయనీ, ప్రాణం పోయాక ఆ పట్టు తప్పుతుందనీ తర్వాత చదువుకున్నాను. ఒడ్డున నిలబడి సముద్రాన్ని తెలుసుకునేవాళ్ళకి చేరేది ఎప్పుడూ ఆ బూడిద రంగే.

రాళ్ళ దగ్గర కొంత నయం. అమావాస్యకీ పున్నమికీ పాటు బాగా తీసేది. మన తీరంలో ఆ రోజుల్లో పోటుకీ పాటుకీ నీటిమట్టం తేడా దాదాపు ఒకటిన్నర మీటరు. నీరు తీసినప్పుడు రాళ్ళ మధ్య మడుగులు బయటపడేవి. మోకాళ్ళ మీద వంగి, నీడ నీళ్ళ మీద పడకుండా పక్కకి జరిగి, అల తడి ఆగేదాకా కదలకుండా ఉండాలి. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. ఖాళీ గుల్లని ఇల్లు చేసుకుని ఈడ్చుకుపోయే సన్యాసి పీతలు. వేలు పెడితే మెత్తగా పట్టుకుని ముడుచుకుపోయే సముద్రపు పువ్వులు, నిజానికి అవి జంతువులు. ఒక మడుగులోంచి ఇంకో మడుగులోకి రాతి మీంచి గెంతి వెళ్ళిపోయే బొటనవేలంత చేపలు. పట్టీల చేప పిల్లలు కూడా అక్కడే పెరిగేవి, గోరంత పసుపు, గోరంత నలుపు, ఐదు పట్టీలూ అప్పటికే తెచ్చుకుని.

గంగవరం వైపు రాళ్ళలో మడుగులు ఇంకా పెద్దవి. అటు వెళ్ళాలంటే పెద్దవాళ్ళు తోడుండాలి, పోటు మొదలైతే తిరిగి రావడం కష్టం. అక్కడి ఒక మడుగు నాకు బాగా గుర్తు. ఒడ్డున నాచు పచ్చగా పరుచుకుని ఉండేది. లోతు నా నడుము దాటేది. అడుగున తెల్లటి ఇసక, దాని మీద ముళ్ళబంతులు. చలికాలం చివర్లో నీరు తేటపడ్డ రోజున అందులో నీలం గీతలున్న చేపొకటి కనబడింది. మళ్ళీ కనబడలేదు. ఆ చేప ఏ జాతిదో ఈ రోజుకీ తేల్చుకోలేకపోయాను, పుస్తకాలు ఎన్ని తిరగేసినా.

విశాఖ తీరంలో పగడపు దిబ్బలు ఎందుకు లేవని చాలామంది అడుగుతారు. పగడానికి తేటనీరు కావాలి, ఎండ అడుగుదాకా దిగాలి, ఉప్పు పెద్దగా మారకూడదు. గోదావరి, కృష్ణ, మహానది, అన్నిటికన్నా పెద్దది గంగ, ఇవన్నీ తమ ఒండ్రునీ మంచినీటినీ తెచ్చి పోసేది ఈ బంగాళాఖాతంలోనే. వానాకాలం తర్వాత మన నీళ్ళు మట్టిరంగులోకి తిరుగుతాయి. దానికి తోడు ఎండాకాలం మొదట్లో ఒడ్డు వెంబడి వీచే గాలికి పైనీరు లోపలికి జరిగి, అడుగునుంచి చల్లటి నీరు పైకి ఉబుకుతుంది. 1950ల మొదట్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ వాల్తేరు తీరంలో కొలిచి చెప్పింది ఇదే. మార్చి నెలలో ఎండ మాడ్చేస్తున్నా యారాడలో కాళ్ళు జిల్లుమనడానికి కారణం అది. ఆ చల్లనీటితో పాటు ఎరువు పైకి వచ్చి నీరు పచ్చబడుతుంది, చేపలకి మేత దొరుకుతుంది, మన కంటికి మాత్రం అడుగు కనబడదు. మనకి పగడాల దిబ్బలు లేవు, రాతి దిబ్బలున్నాయి. వాటి మీద అక్కడక్కడా పగడం అతుక్కుని ఉంటుంది. పగడాల చేపలు మాత్రం ఆ రాతి దిబ్బలతోనే సరిపెట్టుకుని బతికాయి.

మా చిన్నాన్న పోర్ట్‌బ్లెయిర్‌లో చాతాం సా మిల్లులో పనిచేసేవాడు. ఉత్తరాంధ్ర ఇళ్ళల్లో ఇది వింతేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల పల్లెలవాళ్ళు ఎప్పటినుంచో అండమాన్ వెళ్ళి వేటలోనూ కూలిలోనూ స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు సుమారు 13 శాతం. జంగ్లీఘాట్‌లో నడుస్తుంటే మన పూడిమడక యాసే వినబడుతుంది. సునామీకి ముందటి సంవత్సరాల్లో చిన్నాన్న రమ్మని పట్టుబట్టి పిలిచాడు. ఇంటిల్లిపాదీ ఓడెక్కాం.

ఆ ఓడ ప్రయాణం కూడా తలుచుకోవలసిందే. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ దాదాపు 1,200 కిలోమీటర్లు. నెలలో ఏ ఒకటి రెండుసార్లో ఓడ ఉండేది, ఏ రోజని ముందు నుంచీ తెలిసేది కాదు. కబురు తెలియగానే పోర్టులో క్యూ. మేం వెళ్ళింది స్వరాజ్ ద్వీప్ మీద. అది మా షిప్‌యార్డులో కట్టిన ఓడే. మెట్ల దగ్గర నాన్న ఆగి, గోడకి ప్లేట్లు అతికిన కీళ్ళ మీద అరచేతితో తడిమి చూశారు. వెనకాల జనం తోస్తున్నా పట్టించుకోలేదు. బంకు క్లాసులో ఒకరి మీద ఒకరు, ఆవకాయ జాడీలు, అప్పడాల డబ్బాలు, కొత్త పెళ్ళికూతురికి పంపిస్తున్న సారె, పెట్టెలో కోడిపిల్లలు. ఓడ హార్బరు దాటి బయటి నీళ్ళలోకి రాగానే జనమంతా కుడి పక్కకి చేరారు, డాల్ఫిన్స్ నోస్ మీది దీపస్తంభాన్ని కనుమరుగయ్యేదాకా చూడ్డానికి. మల్కాపురం వెనకున్న కొండ సముద్రం వైపు నుంచి ఎలా ఉంటుందో అప్పుడే మొదటిసారి చూశాను. రెండో రోజు నీళ్ళ రంగు మారింది. మట్టి కలిసిన ఆకుపచ్చ పోయి, చిక్కటి నీలం. ఓడ కోసిన నురగలోంచి ఎగిరే చేపలు గుంపులుగా లేచి, రెక్కలు విప్పి, అలల మీదుగా దూరం పోయి పడేవి.

చిన్నాన్న మమ్మల్ని జాలీబాయ్ దీవికి తీసుకెళ్ళాడు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి వండూరు వెళ్ళి, అనుమతి చీటీ చూపించి పడవెక్కాలి. ఆ దీవులన్నీ కలిపి 1983లో మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కుగా చేశారు. జాలీబాయ్‌ని ఏడాది పొడుగునా తెరవరు. కొన్ని నెలలు అది, కొన్ని నెలలు రెడ్‌స్కిన్ దీవి, రెండో దాన్ని ఊపిరి తీసుకోనిస్తారు. పడవ మడ అడవుల మధ్య నుంచి వెళ్ళింది. నాన్న ఆ వేళ్ళని చూసి, హార్బరు తవ్వకముందు మేఘాద్రిగెడ్డ మూలనంతా ఇలాగే మడచెట్లు ఉండేవని వాళ్ళ నాన్న చెప్పేవారన్నారు. నేను పెరిగిన చోట ఉప్పుటేరూ మడ అడవీ ఉన్న సంగతి అండమాన్‌లో తెలిసింది.

దీవిలో దిగాక గైడు కళ్ళకీ ముక్కుకీ కలిపి ఉండే అద్దాల తొడుగు ఇచ్చాడు, నోట్లో పెట్టుకునే గొట్టం ఇచ్చాడు. అద్దం లోపల ఉమ్మి రాసి కడగమన్నాడు, లేకపోతే ఊపిరికి మసకబారుతుందట. మా అమ్మ ఆ మాట విని మొహం తిప్పుకుంది. ముక్కుతో పీల్చకూడదు, నోటితోనే. గొట్టంలోకి నీళ్ళొస్తే గట్టిగా ఊదాలి. పగడం మీద కాలు పెట్టకూడదు, అది రాయి కాదు.

‘‘తల లోపల పెట్టు, కిందకి చూడు, కంగారు పడకు. ఊపిరి నెమ్మదిగా తీసుకో,’’ అన్నాడు చిన్నాన్న నడుం లోతు నీళ్ళలో నా వీపు మీద చెయ్యి వేసి.

‘‘నువ్వు వదిలెయ్యవు కదా చిన్నాన్నా?’’

‘‘వదల్ను. చూడవోయ్ ముందు.’’

తల లోపల పెట్టాను. మొదట వినబడింది నా ఊపిరే. ఆ తర్వాత ఇంకో చప్పుడు, పక్కన ఎవరో మరమరాలు నములుతున్నట్టు. ఎక్కణ్ణించని వెతికితే, ఆకుపచ్చా గులాబీ కలిసిన చేపలు పగడాన్ని కొరుకుతున్నాయి. వాటి పళ్ళు ముక్కులా అతుక్కుని ఉంటాయి, అందుకే చిలక చేపలంటారు. పగడం మీది నాచు కోసం సున్నాన్ని కూడా కొరికి మింగి, పొడి చేసి, తోక వెనక నుంచి తెల్లటి ఇసకగా వదులుతాయి. ఆ దీవి ఒడ్డున మేం నడిచిన ఇసకలో చాలా భాగం వాటి కడుపులోంచి వచ్చిందే.

చెయ్యి చాపితే అందే దూరంలో సముద్రపు పువ్వు ఊగుతోంది. దాని చేతుల మధ్య నుంచి నారింజరంగు చేప తల బయటపెట్టి నన్ను చూసి మళ్ళీ లోపలికి దూరింది. ఒంటి మీద మూడు తెల్లపట్టీలు. ఇంకో పెద్దది వెనకాల. వాటిలో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది పోతే తర్వాతి మగచేపే ఆడదిగా మారుతుంది. కుట్టే పువ్వులో కాపురం పెట్టుకుని దాన్ని కాపలా కాసే ఆ చేపని ఇప్పుడు సినిమాల వల్ల పిల్లలందరూ గుర్తుపడతారు. అప్పుడు నాకు దాని పేరు తెలియదు. ఇంకాస్త లోతున నీలం ఒళ్ళు, నల్లమొహం, పసుపు వీపు ఉన్న చేపల గుంపు. ఒక పగడం బండ దగ్గర పెద్ద చేప నోరు తెరుచుకుని కదలకుండా నిలబడితే, సన్నటి నీలం చేప దాని మొప్పల్లోకి దూరి పురుగులు ఏరి తింటోంది. పెద్ద చేప దాన్ని మింగదు. పని అయ్యాక కొంచెం వణుకుతుంది, చిన్నది బయటికి వచ్చేస్తుంది, వెనక వరసలో ఇంకో చేప ముందుకి వస్తుంది.

ఆ గుంపుల మధ్య పట్టీల చేపలు కనబడ్డాయి. యారాడ ఇసకలో కాకులకి వదిలేసినవి. ఐదు నల్లపట్టీలు, వీపు మీద పసుపు. ఇంగ్లీషువాళ్ళు వాటిని సార్జెంట్ మేజర్ అంటారని గైడు తర్వాత చెప్పాడు. నేను చూసిన పసుపు ఒడ్డున ఎప్పుడూ చూడనిది. నీళ్ళలోకి దిగిన ఎండ ఆ పసుపు మీద కదులుతోంది, చేప తిరిగినప్పుడల్లా పట్టీల మధ్య ఒళ్ళు నీలానికీ వెండికీ మధ్య మారుతోంది. ఒక మగచేప రాతి మీద ఊదారంగు గుడ్ల పొరని కాపలా కాస్తూ, దగ్గరికొచ్చిన ప్రతి చేపనీ తరుముతోంది. నన్నూ తరిమింది. నా అద్దం దాకా వచ్చి ఆగి, ముల్లు లేపి, వెనక్కి వెళ్ళింది. కాపలా వేళ దాని రంగు ఇంకా నీలంగా తిరుగుతుంది. ఇది మా ఊరి చేప. మా ఊళ్ళో ఇది ఇలా బతుకుతోందని చూడ్డానికి సముద్రం దాటి రావలసి వచ్చింది. నీళ్ళలోంచి తల తీసి నాన్నకి చెబితే, ఆయన లుంగీ ఎగగట్టి ఒడ్డున నిలబడి, ‘‘మన పెద్దవలలో పడేదేనా?’’ అని, అద్దాలు తీసుకుని తనూ దిగారు. చాలాసేపు తల ఎత్తలేదు.

ఇక్కడ ఒక పాత పుస్తకం సంగతి చెప్పాలి. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780ల్లో విశాఖపట్నంలో ఉన్నాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే. ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేస్తూ మన తీరంలో చేపలు సేకరించి, ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, 1803లో లండన్‌లో రెండు సంపుటాలు అచ్చు వేయించాడు. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపలు, ఒక్కోదానికీ కొలతలు, వర్ణన, మన జాలర్లు చెప్పిన పేరు. ఇప్పుడు ఆ పుటలు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో వంకర తిరిగిన పేర్లు పైకి చదివితే వంజరం వినబడుతుంది, తెల్ల చందువ వినబడుతుంది, సొర వినబడుతుంది. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు లోకానికి తెలియలేదు. పొలుసు పొలుసూ, ముల్లు ముల్లూ లెక్క తప్పకుండా గీశారు. ఆ పుస్తకం గొప్పతనమంతా నా దృష్టిలో ఆ చేతులదీ, పేర్లు చెప్పిన నోళ్ళదీ.

కూరకి రాని చేపలూ అందులో ఉన్నాయి, దానికి నేను రస్సెల్‌కి రుణపడి ఉన్నాను. రెక్కలు ఈకల్లా విప్పుకునే విషపు ముళ్ళ చేపకి ఆయన రాసుకున్న పేరు కోడిపుంజు. 1831లో బెనెట్ ఆ చేపకి రస్సెల్ పేరు పెట్టాడు. 1852లో బటావియాలో ఉన్న డచ్చి వైద్యుడు బ్లీకర్ దానికే కోడిపుంజునే లాటిన్ పేరు చేశాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్న నియమం వల్ల ఆ తెలుగు పేరు శాస్త్ర గ్రంథాల్లో వెనక వరసలోకి పోయింది. రంగులు మాత్రం ఆ పుస్తకంలో లేవు. అచ్చంతా నలుపు తెలుపు గీతలే.

చిన్నాన్న చూపించిన జాలీబాయ్ ఇప్పుడు లేదు. దీవి ఉంది, పడవలు వెళ్తున్నాయి. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి పగడపు దిబ్బలు గాలిలో తేలి ఎండిపోయాయి. పోర్ట్‌బ్లెయిర్ వైపు నేల కుంగింది, సునామీ ఇసకా మట్టీ తెచ్చి పగడం మీద పోసింది. తర్వాత 2010 వేసవిలో నీరు వేడెక్కింది. పగడం లోపల కంటికి కనబడని నాచు కాపురం ఉంటుంది. ఎండలో అది వండిన తిండే పగడానికి ఆధారం, పగడానికి రంగు కూడా దానిదే. నీరు మామూలు వేసవి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ వేడిగా కొన్ని వారాలుంటే చాలు, పగడం ఆ నాచుని బయటికి నెట్టేస్తుంది. మిగిలేది తెల్లటి ఎముక. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది, లేకపోతే ఆకలితో చస్తుంది. ఆ ఏడాది అండమాన్‌లో చాలా పగడం తేరుకోలేదు. 2016లో మళ్ళీ వేడి వచ్చింది. తర్వాత ఒకసారి వెళ్ళినప్పుడు చిలక చేపలు కనబడ్డాయి, పట్టీల చేపలు కనబడ్డాయి. పువ్వులో కాపురమున్న నారింజ చేప ఉన్న చోట మాత్రం విరిగిన కొమ్మల గుట్ట, దాని మీద గోధుమరంగు నాచు. చిన్నాన్న లేడు అప్పటికి.

ఇటు మా కొండ అవతల కూడా అంతే. 2009లో గంగవరం పోర్టు మొదలైంది. దిబ్బపాలెం పల్లె లేచిపోయింది, గంగవరం వాళ్ళకి పడవ లాక్కునే తీరం పోయింది. నేను చెప్పిన మడుగు ఉన్న మూలకి ఇప్పుడు ఎవరూ వెళ్ళలేరు. ఉక్కు ఫ్యాక్టరీకి బొగ్గు కావాలి, బొగ్గుకి లోతు రేవు కావాలి, మా వీధిలో సగం ఇళ్ళు ఈ పరిశ్రమల జీతం మీదే నిలబడ్డాయి. ఆ సంగతి తెలుసు కాబట్టే ఆ మడుగు గురించి మాట్లాడ్డం కష్టంగా ఉంటుంది. అయినా ఒక్క ఫొటో కూడా లేకుండా పోయిందని చెప్పకుండా ఉండలేను. రేవు కట్టే ముందు భూమి ఎన్ని ఎకరాలో, ఇళ్ళెన్నో, తాటిచెట్లెన్నో లెక్క రాస్తారు. మోకాలి లోతు నీళ్ళలో ఏమేం ఉన్నాయో కూడా ఆ లెక్కలో ఉండాలి.

యారాడలో పెద్దవల ఇప్పుడు అరుదు. లాగడానికి మనుషులు చాలరు, లాగినా గంప నిండదు. మడుగుల్లో ప్లాస్టిక్ సంచులు, తారు ముద్దలు. అయినా రాళ్ళు రాళ్ళే. రుషికొండ, మంగమారిపేట దగ్గర కుర్రాళ్ళు సిలిండర్లు కట్టుకుని దిగుతున్నారు, పాటు వేళ పిల్లల్ని రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి మడుగులు చూపించేవాళ్ళున్నారు. వాళ్ళు తీసిన ఫొటోల్లో పట్టీల చేప ఉంది, కంటి మీద గీతున్న సీతాకోక చేప ఉంది, రస్సెల్ గీయించిన ముళ్ళ చేపా ఉంది. రంగులతో సహా. ఈ పని పదేళ్ళకోసారి కాదు, ప్రతి పాటుకీ జరగాలి, తేదీతో, చోటుతో. విశాఖలో జువాలజీ చదివే పిల్లలు ఎంతమంది లేరు!

కిందటి చలికాలం యారాడలో వల అల్లుతున్న ముసలాయన పక్కన కూర్చుని, ఫోనులో రస్సెల్ పుట తీసి చూపించాను.

‘‘తాతా, దీన్నేమంటారు?’’

ఆయన ఫోను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. పేరు చెప్పలేదు.

‘‘రాళ్ళ సందున ఉంటాది బావూ. వలకి పడితే సేత్తో తీయకూడదు, కర్రతో తీసి పడీయాల. ముల్లు దిగిందా, రేత్రంతా ఏడుపే. సన్నీళ్ళు కాదు, ఓర్సుకున్నంత ఉడుకు నీళ్ళల్లో సెయ్యెట్టాల.’’ వైద్యులు చెప్పేదీ అదే, ఆ విషం వేడికి విరుగుతుంది. ఆయన మళ్ళీ బొమ్మ మీదకి వంగి వీపు మీది ముళ్ళు వేలితో లెక్కపెట్టాడు.

‘‘ఎవుడేసినాడో గానీ ముళ్ళు సరిగ్గా ఏసినాడు. రంగెయ్యనేదేటి మరి? ఎర్రగుంటాది ఇది, ఇటికరాయి ఎరుపు. పట్టీకీ పట్టీకీ నడాన సన్నగా తెల్లగీత. రెక్క ఇప్పినప్పుడు సూడాల.’’

ఇంకా ఏమేం ఉన్నాయో చూపించమన్నాడు. వల పక్కన పెట్టి, కళ్ళద్దాలు తెమ్మని మనవణ్ణి కేకేశాడు.